తప్పిన నెలలు

బడి బస్సుల షెడ్డు,
జులై 8, మధ్యాహ్నం

వదినగారికి,

ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. ఫోను చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటా అని మీ గుండె దడదడలాడుతుందని తెలుసు, అందుకే ఆ ముక్క ముందు రాసేశాను. మా ఇల్లు మీకు తెలియనిది కాదు. రెండు గదులు, మధ్యలో తలుపుకి బదులు ఒక తెర. నేను ఫోనులో గుసగుసలాడితే అవతలి గదిలోంచి అత్తయ్య "కాస్త గట్టిగా మాట్లాడమ్మా, సగమే వినపడుతోంది" అంటారు. ఈ సంగతి అలా మాట్లాడేది కాదు.

ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు వదినా. నా బాధంతా అదే.

నాకు నెలసరి వచ్చి రెండు నెలలు దాటింది. నేనెవరికీ చెప్పలేదు. బీరువాలో ప్యాడ్ల ప్యాకెట్టు విప్పకుండా ఉండిపోవడం అత్తయ్య చూశారు. మర్నాటి నుంచీ నా కంచంలో రెండో గరిటె పడుతోంది. మీ తమ్ముడికీ చెప్పినట్టున్నారు. బైండింగు పని నుంచి వచ్చాక ఆ మనిషి చెప్పులు కూడా చప్పుడు కాకుండా విడుస్తున్నారు. ఆరేళ్ళు ఎదురుచూసిన వాళ్ళు, ఏమనగలను?

నేను మందుల షాపులో కడుపు తెలిపే పరీక్ష చీటీ కొని, బడిలో టీచర్ల బాత్రూములో చూసుకున్నాను. ఒక్కటే గీత. వారం ఆగి మళ్ళీ చూశాను. ఒక్కటే గీత. ఇంట్లో అబద్ధమైతే చెప్పలేదు. నిజం చెప్పలేదు, అంతే.

మీరు నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మీకెప్పుడైనా ఇలా తప్పిందా? జవాబు ఇంటికి రాయకండి. బడి పేరు మీద, "డ్రైవరమ్మ" అని రాస్తే నాకు చేరుతుంది.

మీ మరదలు


కళ్ళద్దాల షాపు,
జులై 14

స్టీరింగమ్మకి,

పరీక్ష ఇంకోసారి చేసుకుని ముచ్చటపడక్కర్లేదు. రెండు నెలలు దాటాక రెండుసార్లు కాదందంటే దాదాపు కాదనే అర్థం. మిగతాది డాక్టరమ్మ చూసి చెప్పాలి.

ముందు ఒక పని చెయ్. గుర్తున్నంత వరకూ డేట్లన్నీ కాగితం మీద పెట్టు. ఆగిన రోజు నుంచి లెక్కపెట్టకు, చాలామంది అక్కడే తప్పుతారు. మొదలైన రోజు నుంచి మళ్ళీ మొదలైన రోజు దాకా లెక్కపెట్టాలి. ఇరవై ఒక్క రోజులకీ ముప్పై ఐదు రోజులకీ మధ్య అటూ ఇటూ ఊగినా కంగారు లేదు. ఒక నెల తప్పడం ఎవరికైనా ఉంటుంది. జ్వరమొచ్చినా, తిండి తగ్గినా, మనసు బాగాలేకపోయినా తప్పుతుంది. మూడు నెలలు వరసగా రాలేదంటే మాత్రం ఎవరు నవ్వినా, ఎవరు ఏడ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇంకొకటి. "నెల వచ్చే మాత్రలు" అని మందుల షాపువాడు ఊరికే చేతిలో పెడతాడు. తీసుకోకు. ఎందుకు రాలేదో తెలియకుండా రప్పించుకుని ఏం చేస్తావు?

మీ ఆయనకి ఈ వారమే చెప్పెయ్. సంతోషం పెరిగేకొద్దీ దించడం కష్టం.

నా సంగతి అడిగావు. నాకేం, ఎప్పుడూ మామూలే. ఇవాళ ఒకాయన తన కళ్ళజోడు పోయిందని షాపంతా గాలించాడు, అది ఆయన నెత్తి మీదే ఉంది. నేను రోజూ చూసేది ఇదీ.

మీ వదిన


బడి బస్సుల షెడ్డు,
ఆగస్టు 3

వదినగారికి,

డేట్లు దొరికాయి. డ్యూటీ పుస్తకంలో ఒంట్లో బాగాలేని రోజున మూలన చిన్న చుక్క పెట్టుకునే అలవాటు నాకు. ఆ చుక్కలు పట్టుకుని వెనక్కి వెళ్ళాను. నవంబరు పదిహేను, డిసెంబరు పదిహేను. ముప్పై రోజులు. అక్కడి నుంచి జనవరి పద్దెనిమిదికి ముప్పై నాలుగు. మార్చి రెండుకి నలభై మూడు. మే రెండుకి అరవై ఒకటి. ఇవాళ్టికి తొంభై మూడు రోజులు, ఇంకా లేదు. విడివిడిగా చూసినప్పుడు ఏమీ అనిపించలేదు. వరసగా రాసుకున్నాక రెండోసారి లెక్కపెట్టాను. ఏదో మెల్లమెల్లగా మూసుకుంటూ వస్తున్నట్టు ఉంది.

ఇంట్లో చెప్పలేదు. తిట్టకండి. చెబుదామని ఆదివారం కూర్చున్నాను. అప్పుడే అత్తయ్య నా కాళ్ళకి నూనె రాయడానికి గిన్నె తెచ్చారు. ఈ ఇంటికొచ్చి ఆరేళ్ళయింది, ఆమె నా కాళ్ళు ముట్టుకోవడం అదే మొదటిసారి. కాళ్ళు చాపాను.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. మొన్న బట్టలు మార్చుకుంటుంటే జాకెట్టు తడిగా ఉంది. చెమట అనుకున్నాను. చెమట కాదు. రెండు వైపులా పాలు, వదినా. కొద్దిగానే, కానీ పాలే. చీటీలే అబద్ధం చెప్పాయేమో? కొందరికి ఆలస్యంగా తెలుస్తుందంటారు కదా. నాకు భయమూ వేసింది, ఆశా పుట్టింది. ఏది ఎక్కువో చెప్పలేను. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ ఆశ కాస్తా పోతుందని వెళ్ళడం లేదు. మీ దగ్గర దాచను.

కణతల దగ్గర తలనొప్పి ఒకటి పట్టుకుంది, వదలడం లేదు. అత్తయ్య ఇలాంటప్పుడు ఉంటుందిలే అంటున్నారు.

గేటు స్తంభానికి తగిలి బస్సు అద్దం విరిగింది. మెకానిక్కు ఒకటే సణుగుడు. అంతే సంగతులు.

మీ మరదలు


కళ్ళద్దాల షాపు,
ఆగస్టు 7

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి వెంటనే రాస్తున్నాను, వంకర అక్షరాలు సర్దుకో. కడుపు లేకుండా పాలు రావడమనేది ఉంది. అది ఇంట్లో కూర్చుని ఆలోచించే విషయం కాదు. ఈ వారమే వెళ్ళు. ఆడ డాక్టరు దగ్గరికే వెళ్ళు, కానీ వెళ్ళు. డేట్ల కాగితం పట్టుకెళ్ళు. ఏమైనా మాత్రలు వాడుతుంటే అవీ పట్టుకెళ్ళు, కొన్ని మందుల వల్ల కూడా అలా అవుతుందట.

నేనడిగినవాటికి సూటిగా జవాబు రాయి. విరిగింది ఏ వైపు అద్దం? ఆ స్తంభం నీకు ముందే కనపడిందా, తగిలాక కనపడిందా? ఈ మధ్య ఇంట్లో తలుపులకీ బల్ల అంచులకీ భుజాలు తగులుతున్నాయా?

మీ వదిన


బడి బస్సుల షెడ్డు,
ఆగస్టు 18

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. నేను ఒంట్లో సంగతి రాస్తే మీరు బస్సు అద్దం గురించి మూడు ప్రశ్నలు వేశారు. పదకొండేళ్ళుగా బండి నడుపుతున్నాను. గేటు ఇరుకు, అంతే. డ్రైవింగు గురించి మగవాళ్ళు దెప్పిపొడిస్తే అలవాటే, మీరూ మొదలుపెట్టకండి.

అత్తయ్య వీధిలో నలుగురికీ చెప్పేశారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి కాదనిపించుకుని రాను? కొన్నాళ్ళు చూస్తాను. దానంతటదే వస్తుందేమో.

మీరు మామూలే అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అన్నీ మామూలుగా ఉన్నవాళ్ళకి తెలియదు వదినా.

మీ మరదలు


కళ్ళద్దాల షాపు,
ఆగస్టు 23

అమ్మాయీ,

నువ్వు రాసిన ఆఖరి వాక్యం నాకు తగలాల్సిందే. తగిలింది. నేను నీకు అబద్ధం రాశాను.

నాకు ఎప్పుడూ మామూలుగా లేదు. పెళ్ళైన రెండో ఏడు నుంచే గతి తప్పింది. ఒకసారి మూడు నెలలకి, ఒకసారి ఐదు నెలలకి. వస్తే పది రోజులు ఆగేది కాదు. ఒళ్ళు ఉబ్బి, ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేదాన్ని. అమ్మకి చెప్పాను. అమ్మ ఏమందో మాట మాటా గుర్తుంది. "అత్తారింట్లో ఈ ముక్క ఎత్తకు. నోరు మూసుకుని ఉండు, లోపముందని పంపించేస్తారు." నోరు మూసుకున్నాను. మందుల షాపు మాత్రలు మింగి నెల రప్పించుకుంటూ తొమ్మిదేళ్ళు గడిపాను. పిల్లలు లేరన్న మాట మీద ఆయన ఎలాగూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఈ షాపులో చేరాక, ఒకరోజు కళ్ళు తిరిగి పడిపోతే రక్తపరీక్ష చేశారు. థైరాయిడు. రోజుకొక చిన్న మాత్ర. ఆరు నెలల్లో నా ఒంటికి నెల అంటే ఏమిటో గుర్తొచ్చింది. అప్పటికి నాకు నలభై దగ్గరపడింది.

ఆ మాత్ర ముందే వేసుకుని ఉంటే పిల్లలు పుట్టేవాళ్ళని ఎవరూ చెప్పలేరు. కానీ పుట్టేవాళ్ళు కాదని కూడా ఎవరూ చెప్పలేరు కదా. ఇది అమ్మకి చెప్పలేదు. ఆమెని నొప్పించడానికి కాదు. చెబితే ఏమంటుందో వినడం నావల్ల కాక.

ఇప్పుడు నీ సంగతి. నేను డాక్టరుని కాదు, అద్దాలు అరగదీసేదాన్ని. కానీ మా షాపుకి బుధవారాలు వచ్చే కళ్ళ డాక్టరు ఒకసారి ఒకావిడని పరీక్ష చేస్తూ, కళ్ళకి సంబంధం లేని ప్రశ్న వేశాడు. "అమ్మా, నెలసరి సరిగ్గా వస్తోందా?" మేమంతా తెల్లబోయాం. తలలో కళ్ళ నరాల కింద ఒక చిన్న గ్రంథి ఉంటుందట. అది ఉబ్బితే నెలసరి ఆగిపోతుంది, కొందరికి పాలు వస్తాయి. ఇంకా పెరిగి పైన నరాల్ని నొక్కితే రెండు పక్కలా చూపు పోతుంది. ఎదురుగా అంతా బాగానే కనపడుతుంది కాబట్టి మనిషికి తెలియదు. గుమ్మాలకి భుజాలు తగులుతాయి. నీ గేటు స్తంభం చదవగానే నాకు ఆవిడ గుర్తొచ్చింది. అందుకే అడిగాను. నీ డ్రైవింగుని దెప్పడానికి కాదు.

నీకు అదే అని అనడం లేదు. కాకపోతే నాలుగు తిట్లు తిట్టు, పడతాను. ఇంట్లోనే ఇలా చూసుకో. ఒకరిని నీ ఎదురుగా చేతికందే దూరంలో కూర్చోబెట్టు. ఇద్దరూ ఒకరి ముక్కు ఒకరు చూస్తుండాలి, కళ్ళు కదపకూడదు. నువ్వు ఎడమ కన్ను మూసుకుంటే వాళ్ళు కుడి కన్ను మూసుకోవాలి. వాళ్ళు ఒక వేలు ఆడిస్తూ పక్క నుంచి మెల్లగా మధ్యలోకి తేవాలి. ఇద్దరికీ ఇంచుమించు ఒకేసారి కనపడాలి. తర్వాత రెండో కన్ను.

అది చూసుకునేదాకా బస్సు ఎక్కకు. నీ కోసం చెప్పడం లేదు. నీ వెనక ఇరవై ఆరు మంది పిల్లలు కూర్చుంటారు.

మీ వదిన


ఇంటి నుంచి,
ఆగస్టు 29

వదినగారికి,

నిజం రాస్తాను. చివరిదాకా చదవండి.

ఆ అద్దం ఇరుకు గేటు వల్ల విరగలేదు. ఆ రోజు సాయంత్రం ఒక స్టాపులో పిల్లల్ని దించి, అక్కడి గేటు దగ్గర మలుపు తిప్పుతున్నాను. పక్కన ఎవరూ లేరు. ఎవరూ లేరని నా కళ్ళు చెప్పాయి. ఉన్నట్టుండి వెనక నుంచి బస్సులో ఆయా "ఆపు, ఆపు, పాప!" అని కేక పెట్టింది. నేను చక్రం రెండో వైపుకి లాగేశాను. స్తంభానికి తగిలి ఆగింది. దిగి చూస్తే రెండో తరగతి పాప, పసుపు సంచీ గుండెకి అదుముకుని, ముందు చక్రానికి జానెడు దూరంలో నిలబడి ఉంది. ఏడవను కూడా లేదు. "ఆంటీ, నేను మీకు టాటా చెప్పాను, మీరు చూడలేదు" అంది. ఆయా, నేను ఎవరికీ చెప్పకూడదని అనుకున్నాం. ఆ తర్వాత ఇరవై రోజులకు పైగా అదే బండి నడిపాను. ఇది ఎవరికి చెప్పుకోను?

మీ ఉత్తరం శుక్రవారం మధ్యాహ్నం షెడ్డులో చదివాను. సాయంత్రం ట్రిప్పుకి ఇంకా గంట ఉంది. నేరుగా సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళి తాళాలు బల్ల మీద పెట్టాను.

"ఏమ్మా, కడుపుతో ఉన్నావట కదా, మా ఆవిడ చెప్పింది. తేలిక రూటు ఇమ్మంటావా?"

"రూటు వద్దు సార్. పక్కన ఉన్నవి నాకు కనపడటం లేదనుకుంటాను. డాక్టరు చూసేదాకా నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టకండి."

పాప సంగతి కూడా చెప్పేశాను. ఆయన లేచి తలుపు మూసి, తాళాలు తన జేబులో వేసుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. "ముందే చెప్పాల్సింది" అని మాత్రం అన్నారు. ఆ పూట బస్సు ఆయనే తీసుకెళ్ళారు.

ఇంటికొచ్చి అత్తయ్యకి అంతా చెప్పాను. చీటీలూ, డేట్లూ, పాలూ అన్నీ. మొదట మండిపడ్డారు. "అయితే ఇన్నాళ్ళూ నన్ను పిచ్చిదాన్ని చేశావన్నమాట! ఊరంతా చాటింపు వేసినదాన్ని, ఇప్పుడు నేను ఎవరికి మొహం చూపించను?" నేను స్టూలు లాగి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా, తర్వాత తిట్టండి. ఒక కన్ను మూసుకుని నా ముక్కు చూడండి."

"ఇదేం ఆటే?"

"ఆట కాదు. వేలు ఆడిస్తూ పక్క నుంచి తీసుకురండి. కనపడగానే చెబుతాను."

ఆమె వేలు చాపారు. నేను ముక్కునే చూస్తున్నాను. ఏమీ లేదు. "కనపడుతోందా?" లేదు. "ఇప్పుడో?" లేదు. "వేళాకోళమా? నాకే కనపడుతుంటే!" లేదు అత్తయ్యా. వేలు నా చెంప దాటి ముక్కు దగ్గరికొచ్చాక కనపడింది. రెండో కంటికీ అంతే. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి కనపడింది నాకు కనపడలేదు. అత్తయ్య వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. దించడం మరిచిపోయారు.

మీ తమ్ముడికి రాత్రి భోజనాలయ్యాక చెప్పాను. "నువ్వు బాగుంటే చాలు" అన్నారు. వెంటనే అనలేదు. అరగంట తర్వాత అన్నారు. ఆ అరగంటా వీధి గుమ్మంలో అటు తిరిగి కూర్చున్నారు. నేను తెర ఇవతల నిలబడి ఆ వీపు చూస్తున్నాను.

సోమవారం డాక్టరు దగ్గరికి. అత్తయ్య తానూ వస్తానంటున్నారు.

మీ సంగతి చదివి చాలాసేపు ఏడ్చాను. "మామూలువాళ్ళకి తెలియదు" అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీ మరదలు


కళ్ళద్దాల షాపు,
సెప్టెంబరు 10

అమ్మాయీ,

సోమవారం వెళ్తానన్నావు. ఆ తర్వాత ఇంకో సోమవారం కూడా వెళ్ళిపోయింది. ఫోను చేస్తే అమ్మ ఎత్తి "బాగానే ఉందిలే" అని పెట్టేస్తోంది. అమ్మ బాగానే ఉందంటే బాగాలేదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నిన్న ఒక అద్దం కోణం తప్పు అరగదీశాను, ఈ షాపులో చేరాక ఎన్నడూ లేదు.

కార్డు ముక్క మీద రెండు మాటలు రాసి పడెయ్. ఏదైనా సరే.

మీ వదిన


ఇంటి నుంచి,
సెప్టెంబరు 15

వదినగారికి,

క్షమించండి. చేతికి కలం రాలేదు. గడ్డ ఉంది.

వరసగా చెబుతాను. ఆడ డాక్టరమ్మ డేట్ల కాగితం చూసి "ఇలా రాసుకొచ్చేవాళ్ళు పదిమందిలో ఒకరు ఉండరు" అంది. మళ్ళీ కడుపు పరీక్ష చేసింది, థైరాయిడు చూసింది, పాలు పడేలా చేసే హార్మోను ఒకటి ఉందట, అదీ చూసింది. మొదటి రెండూ ఏమీ లేవు. మూడోది ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. తల స్కానింగుకి పంపారు. ఆ గొట్టంలో పడుకుని, ఢమఢమ మోత వింటూ, కళ్ళు గట్టిగా మూసుకుని మా రూటులో స్టాపులన్నీ వరసగా అనుకున్నాను. పది స్టాపులూ అయ్యాయి, మోత ఆగలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

బఠాణీ గింజంత గ్రంథి దగ్గర గోళీ అంత గడ్డ. క్యాన్సరు కాదని రెండుసార్లు చెప్పారు, నేను మూడోసారి అడిగాను. "నెలసరి అంటే కింద జరిగే పని అనుకుంటాం, హుకుం మాత్రం తల నుంచే వస్తుందమ్మా" అంది డాక్టరమ్మ. నెల తప్పడానికి వంద కారణాలుంటాయట, చాలావరకూ చిన్నవేనట. ఇంత దూరం వచ్చేవి తక్కువ. నాకే రావాలా అనిపించింది. వారానికి రెండు మాత్రలు. చాలామందికి గడ్డ మాత్రలకే కుంచించుకుపోతుందట, లేకపోతే ఆపరేషను. ఆ "లేకపోతే" దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. మాత్ర వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పుతోంది. దాన్ని చూసి కూడా వీధిలోవాళ్ళు నవ్వుతూ పలకరిస్తున్నారు.

పిల్లల గురించి మీ తమ్ముడే అడిగారు. ముందు కళ్ళు, తర్వాత నెలసరి, ఆ తర్వాత ఆ మాట అంది డాక్టరమ్మ. దారి మూసుకుపోలేదు, అలాగని మాటా ఇవ్వలేనంది.

అత్తయ్య సంగతి చెప్పాలి. హాలులో ముప్పై మంది కూర్చుని ఉన్నారు. పక్కన ఒకావిడ తన కూతురి చెవిలో "నీకు నాలుగు నెలలైందని లోపల గట్టిగా చెప్పకు, అందరూ వింటారు" అంటోంది. అత్తయ్య ఒక్కసారిగా అటు తిరిగారు. "వింటే విననియ్యమ్మా! గట్టిగానే చెప్పు. డేట్లు రాసుకున్నావా? మొదటి రోజు నుంచి మొదటి రోజుకి లెక్కపెట్టాలి, తెలుసా?" హాలంతా ఇటు తిరిగింది. కాంపౌండరు కూడా చీటీలు పిలవడం ఆపేశాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్ల మాత్రం సంచీలోంచి పెన్ను తీసింది.

ఇంటికొస్తుంటే దారిలో నన్ను అడిగారు. "ఆ లెక్క నీకెవరు చెప్పారే?"

వదిన అన్నాను.

"దానికెలా తెలుసు?"

మీ సంగతి నేను చెప్పేది కాదు. కానీ ఆమె ఆ తర్వాత ఇంటిదాకా నోరెత్తలేదు.

మీ మరదలు


కళ్ళద్దాల షాపు,
సెప్టెంబరు 20

అమ్మాయీ,

గడ్డ అన్న మాట దగ్గర కూర్చుండిపోయాను. క్యాన్సరు కాదు అన్న వాక్యం దాకా రావడానికి నాకు ఎంతసేపు పట్టిందో నీకు తెలియదు. బుధవారం మా కళ్ళ డాక్టరుకి నీ ఉత్తరం చూపించాను. మాత్రలు పడితే పక్క చూపు కొన్ని వారాల్లోనే తిరిగి రావడం తాను చూశానన్నాడు. అందరికీ పూర్తిగా రాదని కూడా అన్నాడు. అది నీ దగ్గర దాచను. ఇక మన మధ్య దాపరికాలు చాలు.

మాత్ర రాత్రి భోజనం తర్వాత, పడుకునే ముందు వేసుకోవచ్చేమో డాక్టరమ్మని అడుగు, తిప్పడం తగ్గుతుందట. ఒక్కటి కూడా మానకు. నీ అంతట నువ్వు ఆపకు.

అమ్మ నా సంగతి అడిగితే చెప్పు. నేను ఫోనులో చెప్పలేను. నువ్వు చెబితే నేను ఆ గదిలో ఉండక్కర్లేదు కదా. ఇంతకాలం తర్వాత కూడా నాకు ఆమె ముందు నోరు రావడం లేదు చూశావా.

మీ వదిన


బడి బస్సుల షెడ్డు,
జనవరి 17

వదినగారికి,

ఇవాళ పొద్దున వచ్చింది.

బస్సులో ఉన్నాను. నడపడం లేదు, ఇప్పుడు నేను ఆయా పనిలో ఉన్నాను, పిల్లల్ని చెయ్యి పట్టుకుని దించుతున్నాను. నడుములో ఆ పాత నొప్పి మొదలైంది. నమ్మలేదు. బడికి చేరాక, చీటీలు చూసుకున్న ఆ బాత్రూములోనే చూసుకున్నాను. గోడకి ఆనుకుని నిలబడి నవ్వాను, తర్వాత ఏడ్చాను. బయట లెక్కల టీచరు తలుపు కొట్టి "ఏమైందమ్మా?" అంటే "నెలసరి వచ్చిందండీ" అన్నాను. "దానికి ఏడుపెందుకు?" అంది. ఆవిడకి ఏమని చెప్పను?

ఎనిమిది నెలల పదిహేను రోజులు. డ్యూటీ పుస్తకంలో చుక్క పెట్టాను. ఈసారి తేదీ కూడా రాశాను.

సంతోషమే కానీ పూర్తిగా కాదు. రెండో స్కానింగులో గడ్డ సగానికి తగ్గింది. పక్క చూపు కుడి కంటికి దాదాపు వచ్చేసింది, ఎడమ కంటికి ఇంకా అంచున మసక. మార్చిలో మళ్ళీ చూస్తారు. తాళాలు ఎప్పుడిస్తారని నేను సూపర్‌వైజరుని అడగలేదు. ఆయన చెప్పనూ లేదు. ఈ నెల వచ్చింది, వచ్చే నెల వస్తుందో లేదోనని ఇప్పటి నుంచే వేళ్ళు మడుస్తున్నాను. పసుపు సంచీ పాపని రోజూ నేనే దించుతాను. చెయ్యి కాస్త గట్టిగా పట్టుకుంటానేమో, "నొప్పి, ఆంటీ" అంటుంది.

అత్తయ్యకి మీ సంగతి చెప్పాను. సెప్టెంబరులో మీరు చెప్పమన్నారు, ఇన్నాళ్ళూ నాకే ధైర్యం చాలలేదు. గత ఆదివారం చెప్పాను. మాత్రలూ, తొమ్మిదేళ్ళూ, షాపులో పడిపోవడం, థైరాయిడు. మీరు రాసిన ఆమె మాట కూడా చెప్పాను, ఒక్క అక్షరం మార్చకుండా. ఆమె కాదనలేదు. నేనలా అనలేదు అంటారేమో అనుకున్నాను. "అన్నాను. వంటింట్లో, పొయ్యి దగ్గర అన్నాను" అన్నారు. నాలుగు రోజులు సరిగా తినలేదు. నిన్న నా దగ్గరికి వచ్చి "ఉత్తరం ఎప్పుడు రాస్తావు? చోటు వదిలి నాకియ్యి" అన్నారు. ఈ కాగితం కింద సగం వదిలి ఇంటికి పట్టుకెళ్తున్నాను. ఆమె ఏం రాస్తారో నేను చదవను. అంటించి పోస్టు చేస్తాను.

మీ మరదలు


అమ్మాయీ

నా రాత నీకు తెలుసు కూడబలుక్కుని చదువుకో. నిన్ను నోరు మూసుకోమన్నది నేనే. మా అమ్మ నాకు అదే చెప్పింది నేను నీకు అదే చెప్పాను. అప్పుడు నిన్ను చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది. కోడల్ని తీసుకెళ్ళాను నిన్ను తీసుకెళ్ళలేదు. ఆ హాల్లో కూర్చున్నప్పుడు ఆ పిల్లని చూస్తే నువ్వే అనిపించింది నీకూ అప్పుడు అంతే వయసు.

శనివారం బస్సుకి వస్తున్నాను. నువ్వేమన్నా వింటాను ఏమీ అనకపోయినా సరే. నీ పక్కన కూర్చుంటాను.

అమ్మ